కీలును కాచే పొర

ఉదయం లేవగానే వేళ్లు ముడుచుకొనవు. చెంబు ఎత్తడానికి చేయి సహకరించదు. గంటకు పైగా గడిస్తేగాని కీళ్లు స్వాధీనంలోకి రావు. దీనిని ‘వాతం’ అని సరిపెట్టుకొని నూనె మర్దనతో కాలక్షేపం చేయడం మన ఇండ్లలో పరిపాటి. కాని వయసుతో కీళ్లు అరగడం వేరు, రుమటాయిడ్ కీళ్లవాతం వేరు. రెండవది దేహరక్షణ వ్యవస్థ సొంత దేహాన్నే శత్రువుగా భ్రమించడం వల్ల కలిగే వ్యాధి. పురుషులలో కంటె స్త్రీలలో ఇది రెండు మూడు రెట్లు అధికం. వార్ధక్యం వచ్చేదాకా వేచి ఉండదు.

ఈ వ్యాధికి రంగస్థలం ఎముక కాదు, కీలుసంచికి లోపలి అస్తరు వంటి సైనోవియం అనే పొర. ఆరోగ్యవంతులలో దాని పైభాగం ఒకటి నుండి మూడు వరుసల కణాల మందమే. అందులో కొన్ని చెత్తను మింగి శుభ్రపరచే భక్షక కణాలు, తక్కినవి తంతుకణాలు. కీలు సులువుగా కదలడానికి కావలసిన కందెన పదార్థాలను తయారుచేసేవి ఈ తంతుకణాలే.

వ్యాధి సోకిన కీలులోకి రక్తం నుండి రక్షణకణాలు గుంపులుగా చేరుతాయి. భక్షక కణాలు టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్ల వంటి రసాయన సంకేతాలను వెదజల్లుతాయి. వాపు, వేడి, నొప్పి వీటి ఫలితమే. ఆ సంకేతాలకు రెచ్చిపోయి తంతుకణాలు పెరుగుతాయి; తామూ సంకేతాలు పంపి మంటను ఎగదోస్తాయి. పొర పది వరుసలకు మించి దళసరి అవుతుంది, కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. ఈ ఉబ్బిన కణజాలానికి ‘పానస్’ అని పేరు. లాటిన్‌లో గుడ్డ అని అర్థం. నిజంగానే అది తడిగుడ్డలా మృదులాస్థిపైకి పాకి, ఎంజైములతో దానిని కరిగిస్తుంది. ఎముకను తినివేసే కణాలను కూడా మేల్కొలుపుతుంది.

తంతుకణాలు కేవలం ఇతరుల ప్రేరణతోనే ఇంత పని చేస్తున్నవా? ఈ సంశయాన్ని 1996లో ప్రకటితమైన ఒక ప్రయోగం చాలావరకు తీర్చింది. రోగుల కీళ్ల నుండి తీసిన తంతుకణాలను, ఆరోగ్యకరమైన మానవ మృదులాస్థితో కలిపి, రక్షణవ్యవస్థ లోపించిన ఎలుకలలో నాటారు. ఉసికొల్పే రక్షణకణాలు లేకపోయినా అవి మృదులాస్థిలోకి చొరబడినవి! 2009లో వెలువడిన మరొక పరిశోధనలో, ఇటువంటి కణాలు ఎలుక రక్తం ద్వారా ప్రయాణించి దూరాన నాటిన మృదులాస్థిని చేరినట్లు తేలింది. వ్యాధి ఒక కీలు నుండి మరొక కీలుకు ఎలా వ్యాపిస్తుందో ఊహించడానికి ఇదొక ఆధారం.

సంకేతాలను అడ్డుకొనే మార్గాన్ని లండన్‌లో ఫెల్డ్‌మన్, మైనీ చూపారు. రోగుల సైనోవియం కణాలను ప్రయోగశాలలో పెంచి టి.ఎన్.ఎఫ్.ను నిరోధించగా ఇతర సంకేతాలూ తగ్గినవి. 1992లో అటువంటి మందును రోగులపై పరీక్షించారు. ఈ తరగతి మందులు ఖరీదైనవి. సాధారణంగా వైద్యులు మొదట ఇచ్చేది మాత్రం చౌకైన మెథోట్రెక్సేట్. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయం రూపొందించిన ఔషధ కుటుంబానికి చెందినది ఇది. ఆయన 1948లో మరణించారు. ఆ కుటుంబంలోని అమినోప్టెరిన్ ఈ వ్యాధిలో గుణమిస్తున్నదని 1951లో వెల్లడైంది. మెథోట్రెక్సేట్‌ను ఈ వ్యాధికి వారానికి ఒక్కసారే, రక్తపరీక్షలు చేయించుకొంటూ వాడాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణాపాయం.

ఈ మందులన్నీ ప్రధానంగా మంటను అణచేవే. తంతుకణాలపై నేరుగా గురిపెట్టే ఔషధం ఇంకా వాడుకలోకి రాలేదు. ఒకసారి కరిగిన మృదులాస్థిని తిరిగి మొలిపించే మందూ లేదు. అందుకే వాపు కనిపించిన తొలి నెలలలోనే చికిత్స ఆరంభించాలని వైద్యులు తొందరపెడతారు.