ఘెంటు చిత్రఫలకమును మానసయాత్రయు

యూరపుఖండవాసుల సంస్కృతి యొక్కటియా, పెక్కులా యను ప్రశ్నను విచారించుటకు ఘెంటు నగరమందలి బహుఫలకచిత్ర మొకటి చక్కని యాధారము. పరిశుద్ధ బావో దేవాలయమునందలి యీ చిత్రమును హూబర్టు, యాన్ వాన్ ఐక్ సోదరులు రచించిరి. ఇది 1432 లో ముగిసెను. ఘెంటు నేఁడు బెల్జియములోనిది; ఆ రాజ్యమో 1830 లో పుట్టినది. చిత్రకాలమున ఫ్లాండర్సుసీమ బర్గండీ ప్రభువగు ఫిలిప్పు నేలుబడిలో నుండెను. కాఁబట్టి దీనిని బెల్జియము చిత్రమనుట వాడుకకే కాని చరిత్రకు సరిపడదు.

ఇందలి చెట్లు ముఖ్యముగా పరిశీలింపఁదగినవి. యాత్రికుల ఫలకమున ఖర్జూరమును సైప్రెసును గానవచ్చును. ఇవి ఫ్లాండర్సు చలినేలకు సహజములు కావు. యాన్ 1428 లో ప్రభువు పంపిన దౌత్యబృందముతో పోర్చుగలునకు వెడలెను. అట్టి దక్షిణదేశపు వృక్షములను ఆ పయనమున చూచియుండె ననుట సమంజసము. ఊరు విడువని భక్తుఁడు ఈ ఫలకము నెదుట నిలిచి తానెఱుఁగని దేశమును చూచెను. ఆ శతాబ్దియందే ఫెలిక్సు ఫాబ్రి యను సన్న్యాసి, మఠము వీడరాని సన్న్యాసినులకై జెరూసలేము యాత్రను మనస్సుననే సాగించు విధానమును రచించెను. మానసపూజ నెఱిఁగిన పండితులకు ఇది క్రొత్తగా తోఁపదు.

తరువాత చిత్రమే యాత్ర చేయవలసివచ్చెను. 1794 లో ఫ్రెంచివారు నడిమి ఫలకములను పారిసునకు కొనిపోఁగా, 1815 లో అవి మరలివచ్చెను. మఱుసటి యేఁడే కొన్ని పక్కరెక్కలు అమ్మఁబడి, తుదకు ప్రష్యారాజు చేతఁ బడి బెర్లిను చేరెను. వానిని తిరిగి యీయవలెనని వెర్సేల్సు సంధియందు ప్రత్యేక నిబంధన కలదు. రాజ్యములును నష్టపరిహారములును లెక్కింపఁబడిన పత్రములో నొక గుడిచిత్రమునకు చోటు దొరకుట సామాన్యము కాదు. 1934 లో న్యాయాధిపతుల ఫలకము దొంగిలింపఁబడెను. అది నేఁటికిని దొరకలేదు. రెండవ మహాయుద్ధమున జర్మనులు చిత్రమును ఆస్ట్రియాలోని ఆల్టౌసే ఉప్పుగనిలో దాచిరి. 1945 లో నది వెలికి వచ్చెను.

2012 లో ఫలకముల సూక్ష్మచ్ఛాయలు అంతర్జాలమున నుంచఁబడుటతో ఎల్లదేశములవారికిని దర్శనము లభించెను. ఆ యేఁటనే మొదలైన జీర్ణోద్ధరణమున మఱియొక వింత తేలినది: నడుమనున్న గొఱ్ఱెపిల్ల మొగము 16వ శతాబ్దిలో నింకొకరు దిద్దినది. ఆ పూత తొలఁగఁగా, మనుష్యునివలె సూటిగా చూచు కన్నులుగల తొలిమొగము 2019 నాటికి బయల్పడెను. పలువురకది రుచింపలేదు. తరతరములు మ్రొక్కిన మొగము వాన్ ఐక్ సోదరులది కాదని యొప్పుకొనుట కష్టము కాఁబోలు! పూత తీయకమునుపటి రూపమును తీసిన పిదపటి రూపమును ప్రక్కప్రక్కన నుంచి పోల్చుట తెరమీఁదనే సాధ్యము. గుడిలో నిలిచినవానికి ఒక్కటే కానవచ్చును. కాని రెక్కలు తెరచినపుడు నాలుగు మీటర్లకు మించు వెడల్పును, ఆ రెక్కలు మూయు తెరచు వేళల నియమమును గుడిలోనివే. దొంగిలింపఁబడిన ఫలకమునకు బదులు అచట నేఁడు నిలిచియున్నది యెఫ్ వాన్ డెర్ వేకెన్ వ్రాసిన ప్రతి.