రోబోల నిర్మాణమునకు గడువు ఉండవలెనా?

పరీక్ష వ్రాయు విద్యార్థులందరికిని మూడు గంటలే కాలము. ప్రశ్నపత్రము ఒక్కటే, కాలమును ఒక్కటే; కావున పరీక్ష న్యాయమైనదని తలచుదుము. యంత్రములను నిర్మించు పోటీకి గూడ ఈ సూత్రము చెల్లునా?

అమెరికాలో 'ఫస్ట్' అను సంస్థ ఉన్నత పాఠశాల విద్యార్థులకు 1992 నుండి రోబోల పోటీలను నడుపుచున్నది. ఏటేటా జనవరిలో ఒక క్రొత్త ఆటను, దాని నియమములను ప్రకటింతురు. బంతులను విసరుటయో, వస్తువులను ఎత్తి పేర్చుటయో అందలి పని. దానిని చేయగల రోబోను ప్రతి జట్టును నిర్మించుకొనవలెను. 2019 వరకు ఇందుకు సుమారు ఆరు వారముల గడువు ఉండెడిది. గడువు తీరిన దినమున రోబోను పెద్ద ప్లాస్టిక్ సంచిలో నుంచి, అంకె గల బిళ్ళతో బిగించి, పోటీ వరకు విప్పకుండ ఉంచెడివారు.

ఈ నియమమునకు మంచి కారణములే కలవు. అందరికిని సమానమైన కాలము లభించును. విద్యార్థులకును, ఉపాధ్యాయులకును పిమ్మట విశ్రాంతి దొరకును. ధనము, బరువువలె కాలము గూడ ఇంజనీరునకు ఒక హద్దే గనుక, ఆ హద్దులో పనిచేయుట యొక విద్య.

అయితే యంత్రము తయారైనంతమాత్రమున పని ముగియదు. రోబో చేయిని ఒక నిర్ణీతమైన ఎత్తునకు లేపవలెననుకొందము. మోటారునకు ఈయవలసిన విద్యుత్తును ముందుగా లెక్కకట్టవచ్చును. కాని కీళ్ళలోని ఘర్షణ, గొలుసులోని వదులు, బ్యాటరీ వోల్టేజి తగ్గుదల ఆ లెక్కకు పూర్తిగా లొంగవు. విద్యుత్తు ఎక్కువైనచో చేయి గమ్యమును దాటి ఊగును. తక్కువైనచో మధ్యలోనే ఆగును. నడిపి, కొలిచి, సవరించి, మరల నడుపుటయే దీనికి మార్గము. రోబో సంచిలో నున్నప్పుడు ఇది సాధ్యము కాదు.

కావున ధనముగల జట్లు ఒకే విధమైన రోబోలను రెండింటిని నిర్మించుకొనెడివి. ఒకటి సంచిలోనికి పోగా, రెండవ దానితో వారములకొలది అభ్యాసము సాగెడిది. ఒక్క రోబోనే నిర్మించుకొనగల జట్టునకు ఆ అవకాశము లేకుండెను. సమానత్వమునకై పెట్టిన నియమమే ఇట్లు అంతరమును పెంచెను. సంస్థ 2018లో ముందుగా ప్రకటించి, 2020 పోటీల నుండి ఈ నియమమును తొలగించెను.

దీనితో చిక్కు తీరెనా? ఒకే రోబోగల జట్టునకు మేలు కలిగినమాట నిజము. కాని పోటీలు ఏప్రిల్ వరకు సాగును గనుక, పనిని గూడ అంతవరకు సాగదీయవచ్చును. చదువు, నిద్ర దానికి బలియగు ప్రమాదము కలదు.

ఇచ్చట రెండు హద్దులను వేరుచేసి చూడవలెను: యంత్రమును తాకుటకు హద్దు ఒకటి, మనుష్యుల శ్రమకు హద్దు మరియొకటి. సంచి మొదటిదానిని మాత్రమే విధింపగలిగెను. రెండవది ఉపాధ్యాయుని చేతిలో నున్నది. వారమునకు ఇన్ని గంటలే పని యని మొదటనే నిర్ణయించి, ఉన్న కాలములో సగమును పరీక్షించుటకును సవరించుటకును విడిచినచో, సాధారణమైన రోబో గూడ చక్కగా పనిచేయును. విద్యార్థి ఆరోగ్యమును నిలుచును.