పళ్ళెంలో పెడితే ఫోను నిండేదెలా?

మీ మేనమామ కొత్త కారు కొన్నాడనుకోండి. మిమ్మల్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకొని ఊరంతా ఓ చుట్టు తిప్పాడు. గేరు కడ్డీకి ముందు ఓ చిన్న గుంట, అందులో పళ్ళెంలాంటి నల్లటి రబ్బరు పలక ఉన్నాయి. మావయ్య జేబులోంచి ఫోను తీసి దాని మీద పెట్టాడు. తీగ లేదు, ప్లగ్గు లేదు. అయినా ఫోను మీద పిడుగు గుర్తు వెలిగింది. "చూశావురా, గాల్లోంచి కరెంటు!" అన్నాడు మావయ్య గర్వంగా. వెనక సీట్లోంచి అత్తయ్య మాత్రం, "గాల్లోంచా? ఆ గాలికి ఎంత పోశారో నన్నడుగు, చెబుతాను" అంది.

మావయ్య మాట తప్పు. అత్తయ్య మాటలో నిజం ఎంతో తేల్చాలంటే ఆ పలక ఊడదీసి చూడాలి. నిజంగా ఊడదీయకండి, మావయ్య ఊరుకోడు. మనం కాగితం మీద ఊడదీద్దాం.

పలక కింద కనిపించేది రాగితీగతో చేసిన ఒక బల్లపరుపు చుట్ట. దోమలకు వెలిగించే చుట్ట చూశారు కదా, అచ్చం అలాగే ఉంటుంది. తీగ మాత్రం ఒంటి తీగ కాదు. వెంట్రుకల్లాంటి సన్నని తీగల్ని ఎన్నింటినో కలిపి పేనిన తీగ. చుట్ట అడుగున ఫెరైటు అనే నల్లటి పలక. పక్కన అరచేతిలో పట్టేంత సర్క్యూటు. అంతే! ఫోను వీపు వెనక కూడా ఇలాంటిదే మరో చుట్ట, ఇంకా పల్చనిది, అతికించి ఉంటుంది. ఈ రెండు చుట్టల మధ్య ప్లాస్టిక్కు, గాజు, కాసింత గాలి. ఒక తీగ రెండోదాన్ని ఎక్కడా తాకదు. మరి కరెంటు ఇటునుంచి అటు ఎలా దూకింది?

దూకలేదు. ఈ సంగతి తెలియాలంటే 1831వ సంవత్సరానికి, లండన్ నగరంలోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌కు వెళ్ళాలి. అక్కడ మైకేల్ ఫారడే అనే శాస్త్రజ్ఞుడు పనిచేస్తున్నాడు. కమ్మరివాడి కొడుకు. చిన్నతనంలో పుస్తకాలు బైండు చేసే కొట్లో పని నేర్చుకుంటూ, బైండుకు వచ్చిన పుస్తకాలే చదువుకొని పైకి వచ్చినవాడు. ఆ ఏడు ఆగస్టు 29న ఆయన ఒక ఇనుప కడియం తీసుకొని, దాని ఒక పక్క ఒక తీగచుట్ట, రెండో పక్క మరో తీగచుట్ట చుట్టాడు. మొదటి చుట్టను బ్యాటరీకి కలిపాడు. రెండో చుట్ట చివర్లకు తగిలించిన తీగను ఒక అయస్కాంత సూది దగ్గరగా పోనిచ్చాడు.

బ్యాటరీ కలపగానే సూది ఉలిక్కిపడింది. తర్వాత కదలకుండా నిలబడింది. మొదటి చుట్టలో కరెంటు నిండుగా పారుతూనే ఉంది, అయినా సూదిలో చలనం లేదు. బ్యాటరీ తీసేశాడు. మళ్ళీ ఒక్క ఉలికిపాటు, ఈసారి రెండోవైపుకు!

మరొకడైతే "ఏదో అదిరింది" అని ఊరుకొనేవాడు. ఫారడే ఊరుకోలేదు. తీగలో కరెంటు పారితే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుందని అప్పటికే తెలుసు. ఆ క్షేత్రం ఉన్నంత మాత్రాన పక్క తీగలో ఏమీ జరగదు. ఆ క్షేత్రం మారుతున్నప్పుడే పక్క తీగలో కరెంటు పుడుతుంది. ఇదీ ఆయన కనిపెట్టిన రహస్యం. దీన్నే విద్యుదయస్కాంత ప్రేరణ అంటారు. మీ వీధి చివర స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మరు పనిచేసేది ఇలాగే. ఆ ట్రాన్స్‌ఫార్మరును రెండు ముక్కలు చేసి ఒక ముక్క కారులోనూ, ఒక ముక్క ఫోనులోనూ పెడితే మావయ్య పళ్ళెం తయారవుతుంది.

నమ్మకం కుదరకపోతే మీరే చేసి చూడండి. ఎనామెల్ పూత ఉన్న సన్నని రాగితీగను ఒక అట్టగొట్టం మీద వంద చుట్లు చుట్టండి. రెండు చివర్లా పూత గీకేసి, మీ బడి ప్రయోగశాలలోని గాల్వనోమీటరుకు కలపండి. ఒక దండాయస్కాంతాన్ని గొట్టంలోకి చటుక్కున దూర్చండి. ముల్లు కదులుతుంది. అయస్కాంతాన్ని లోపలే ఉంచేయండి. ముల్లు సున్నా దగ్గరికి వచ్చేస్తుంది. మెల్లగా దూర్చినప్పుడూ, వేగంగా దూర్చినప్పుడూ ముల్లు ఎంతెంత కదిలిందో పోల్చి చూడండి. (ఇంటి ప్లగ్గుల జోలికి మాత్రం పోవద్దు. అది ప్రయోగం కాదు, ప్రమాదం.)

వేగం పెరిగితే కరెంటు పెరిగింది కదా? పళ్ళెం గుట్టు అక్కడే ఉంది. కారు బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. అంటే ఎప్పుడూ ఒకే వైపుకు పారేది. దాన్ని సరాసరి చుట్టలోకి పంపితే ఫారడే సూదిలాగే ఒకసారి ఉలిక్కిపడి అంతటితో సరి. అందుకని పళ్ళెంలోని సర్క్యూటు ఆ కరెంటును అటూ ఇటూ తిప్పుతుంది. మన ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. పళ్ళెంలోనిది సెకనుకు లక్ష సార్లకు పైనే! అంత వేగంగా మారుతుంది కనుకనే దోమల చుట్టంత చిన్న తీగతో పని జరిగిపోతుంది. ఫోను చుట్టలో పుట్టిన కరెంటును ఫోను మళ్ళీ ఏకముఖంగా మార్చి బ్యాటరీలోకి పంపుకొంటుంది.

ఇంకో ముచ్చట. గాలిపటం ఎగరేసేటప్పుడు దారం లాగే బిగువును బట్టి పైన గాలి ఎలా ఉందో మీ వేళ్ళకు తెలుస్తుంది కదా? ఫోను కూడా పళ్ళెంతో అలాగే మాట్లాడుతుంది. తన చుట్ట మీది భారాన్ని గబగబా పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ తేడా పళ్ళెంలోని చుట్టకు తెలుస్తుంది. "ఇంకాస్త ఇవ్వు", "చాలు", "నాకు ఇంత అందింది" అని చెప్పే మాటలన్నీ ఆ తేడాలే. పంపినదానికీ, అందిందని ఫోను చెప్పినదానికీ మధ్య తేడా మరీ ఎక్కువైతే, మధ్యలో ఏదో దొంగ ఉన్నట్టు లెక్క. ఆ దొంగ సాధారణంగా ఓ రూపాయి నాణెమో, తాళంచెవో అయి ఉంటుంది. మారే అయస్కాంత క్షేత్రంలో పెట్టిన లోహంలో సుడి ప్రవాహాలు పుట్టి అది వేడెక్కుతుంది. ఇండక్షన్ పొయ్యి మీద గిన్నె వేడెక్కేది కూడా ఈ సూత్రం మీదే. మంచి పళ్ళెం దొంగను పసిగట్టి వెంటనే ఆగిపోతుంది. నాసిరకంది ఆగకపోవచ్చు. ఫోను వెనక తొడుగులో బ్యాంకు కార్డో, బస్సు కార్డో దాచుకొనే అలవాటుంటే, పళ్ళెం మీద పెట్టే ముందు తీసేయండి. అందులోని చిప్పు పాడయ్యే అవకాశం ఉంది.

దొంగ లేకపోయినా కొంత పోతూనే ఉంటుంది. పళ్ళెం తీసుకున్న 100 పాళ్ళలో ఫోనుకు చేరేది సాధారణంగా 60 నుంచి 80 పాళ్ళు. తీగతో అయితే ఇంత నష్టం ఉండదు. 15 వాట్లు తీసుకొనే పళ్ళెంలో నూటికి 30 పాళ్ళు పోతే, నాలుగున్నర వాట్లు వేడిగా మారినట్టే. ఇదెంత అనిపించవచ్చు. కానీ ఆ వేడి పుట్టేది ఫోను వీపుకూ పళ్ళేనికీ మధ్య గాలాడని సందులో. చుట్ట మీదికి చుట్ట సరిగ్గా రాకుండా ఫోను కాస్త పక్కకు జరిగిందా, అందేది తగ్గి వేడి పెరుగుతుంది. మన రోడ్ల గతుకుల మీద ఫోను జరగకుండా ఉంటుందా!

పైగా కారు అసలే ఒక పొయ్యి. 2018లో వెలువడిన ఒక అధ్యయనం కోసం అమెరికాలోని అరిజోనా శాస్త్రజ్ఞులు, బయట 37 డిగ్రీలు దాటిన రోజుల్లో కార్లను గంటసేపు ఎండలో నిలబెట్టి కొలిచారు. లోపలి గాలి సగటున 47 డిగ్రీలకు, స్టీరింగు ముందుండే పలక 69 డిగ్రీలకు చేరాయి. మన రామగుండం, విజయవాడ మే నెల ఎండలు దానికి తీసిపోవు. ఫోనులోని లిథియం బ్యాటరీకి వేడి పడదు. 45 డిగ్రీల దరిదాపుల్లో చార్జింగు తగ్గించుకోవడమో, ఆపేయడమో చేస్తుంది. అప్పుడు మావయ్య "పళ్ళెం చెడిపోయింది" అంటాడు. చెడిపోలేదు, ఫోను ప్రాణం కాపాడుకుంటోంది. అలాంటి వేడిలో పదేపదే చార్జి చేస్తే బ్యాటరీ ఆయుష్షు తరుగుతుంది. ఇది తెలిసే కొన్ని కార్లలో పళ్ళేనికి చల్లగాలి తగిలేలా ఏర్పాటు చేశారు. 2020లో, అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గరి కియా కర్మాగారంలో తయారై విడుదలైన సోనెట్ కారు పైరకాల్లో అలాంటి పళ్ళెం ఉంది.

ఇక అత్తయ్య లెక్కకు వద్దాం.

2008లో కొన్ని కంపెనీలు కలిసి ఒక సంఘంగా ఏర్పడి, ఎవరి పళ్ళెం మీద ఎవరి ఫోను పెట్టినా పనిచేయాలని ఉమ్మడి ప్రమాణం ఒకటి రాయడం మొదలుపెట్టాయి. అది 2010లో వెలువడింది. దాని పేరు ఒక చైనా మాట, ప్రాణశక్తి అని అర్థం. "చీ" అని పలకాలి. మన చెవికి అది మరోలా వినిపిస్తుంది, ఏం చేస్తాం! ఆ గుర్తు ఉన్న పళ్ళెం మీద కారు కంపెనీ చిహ్నం ఉన్నా, లేకపోయినా లోపలి భౌతికశాస్త్రం ఒక్కటే. రాగితీగకు తన మీద ఎవరి బొమ్మ ముద్రించారో తెలియదు. అయినా బజారులో వెయ్యి రూపాయల లోపు దొరికే సరుకుకు, షోరూములో చిహ్నం వేసి ఎన్నో రెట్లు అడుగుతారు.

అయితే మనం న్యాయంగా ఉండాలి. ఆ రెట్లన్నీ చిహ్నానికే కాదు. కారుతోపాటు బిగించి ఇచ్చే పళ్ళెం చలికీ, ఎండకూ, ఏళ్ళ తరబడి కుదుపులకూ తట్టుకొంటుందో లేదో పరీక్షించి చూస్తారు. దానికి గ్యారంటీ ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ రోజుల్లో చాలా కార్లకు తాళంచెవి దూర్చక్కర్లేదు. జేబులో ఉంటే చాలు, కారు దాన్ని రేడియో పిలుపుతో వెతుక్కొంటుంది. ఆ పిలుపు పౌనఃపున్యం ఎక్కువగా 125 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో ఉంటుంది. పళ్ళెం ఊగేది కూడా ఆ చుట్టుపక్కలే. ఒకే గదిలో ఇద్దరు ఒకే గొంతుతో అరిస్తే ఎవరి మాట వినపడుతుంది? అందుకే కొన్ని కార్లలో తాళంచెవిని వెతికే క్షణంలో పళ్ళెం నోరు మూసుకొంటుంది. బయట కొన్న పళ్ళేనికి ఈ మర్యాద తెలియదు. ఇది నిజంగా డబ్బు పెట్టదగిన పనితనమే. అదే పళ్ళేన్ని చిహ్నం వేసిన పెట్టెలో పెట్టి, సిగరెట్టు లైటరు సాకెట్టుకు తగిలించుకోమని అమ్మితే మాత్రం ఆ పనితనం అందులో ఉండదు. చిహ్నమే మిగులుతుంది.

ధర విషయంలో మరో కిటుకు, మూటకట్టడం. కారులోనే బిగించిన "చీ" పళ్ళెంతో మొదట వచ్చినది 2013 మోడల్ టొయోటా అవలాన్. అమెరికాలో అమ్మారు. పళ్ళెం విడిగా ఇవ్వలేదు. అన్నిటికన్నా ఖరీదైన రకంలో, 1,950 డాలర్ల మూటలో రాడారు, ప్రమాద హెచ్చరికలాంటి వాటితో కలిపి ఇచ్చారు. అందులో పళ్ళెం వంతు ఎంతో కొనేవాడికి తెలిసే దారే లేదు. తమాషా ఏమిటంటే అప్పటి ఐఫోనుకు ఆ చుట్టే లేదు. ప్రత్యేకమైన తొడుగు వేస్తే తప్ప పళ్ళెం ఒట్టి పలకే. ఐఫోనులో ఆ చుట్ట 2017లోగానీ రాలేదు. ఈలోగా ఫోన్లు పెద్దవయ్యాయి. 2020లో ఐఫోను వీపున అయస్కాంతాల వలయం వచ్చింది. ఫోను దానంతటదే సరైన చోట అతుక్కొంటుంది. 2023లో ఉమ్మడి ప్రమాణం కూడా "చీ 2" పేరుతో ఆ వలయాన్ని స్వీకరించింది. పాత పళ్ళేలలో ఆ వలయం లేదు. అసలు "చీ" 5 వాట్లతో మొదలైంది. నేటి ఫోను బ్యాటరీ సుమారు 15 వాట్-గంటలు. 5 వాట్ల చొప్పున అది నిండడానికి లెక్క ప్రకారమే మూడు గంటలు కావాలి, నిజంగా ఇంకా ఎక్కువే పడుతుంది. కారు పదిహేనేళ్ళు తిరుగుతుంది, ఫోను మూడు నాలుగేళ్ళలో మారిపోతుంది. నిదానంగా ముసలిదయ్యే వస్తువులో వేగంగా ముసలిదయ్యే వస్తువును బిగించేశారన్నమాట. ఊడదీసి మార్చుకొనే తీగకు ఆ బాధ లేదు.

మావయ్య పళ్ళెం ఏపాటిదో మీరే తేల్చవచ్చు. ఈసారి కారెక్కినప్పుడు ఫోను బ్యాటరీ సగానికి తగ్గి ఉండేలా చూసుకోండి. పళ్ళెం మీద సరిగ్గా మధ్యలో పెట్టి, అరగంటలో ఎన్ని శాతాలు పెరిగిందో రాసుకోండి. వీపు మీద చెయ్యి పెట్టి వేడి చూడండి. మరోరోజు, అదే వేళకు, అంతే బ్యాటరీ ఉన్నప్పుడు, తీగతో అరగంట. మూడోసారి పళ్ళెం మీదే, కావాలని కాస్త పక్కకు జరిపి పెట్టండి. మూడు అంకెలూ ఒకే కాగితం మీద రాసి, ముందు అత్తయ్యకు చూపించండి.