కలుపు తీద్దాం - ప్రాణం కాపాడుకుందాం



గోధుమల మధ్య మొలిచిన గురుగులను కోతకాలం వరకు ఉండనిమ్మన్న యజమాని ఉపమానం మత్తయి సువార్త 13వ అధ్యాయంలో చదువుకుంటాం. అది తీర్పును గూర్చిన బోధ. మన చేలో మాత్రం కలుపును కోతదాకా ఉంచితే పంట చేతికి రాదు. కలుపు తీయవలసిందే. కానీ ఆ పనిలోనే ఆరోగ్యం పోగొట్టుకొని మా వార్డులో చేరేవారిని ప్రతి వానాకాలం చూస్తున్నాను. అందుకే ఈ నాలుగు మాటలు.

వయ్యారిభామతో జాగ్రత్త

గట్ల మీద, రోడ్ల పక్కన తెల్లని చిన్న పూలతో కనిపించే వయ్యారిభామ మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండం నుండి వచ్చి, 1950ల నుండి మన దేశమంతా వ్యాపించింది. ఒక్క మొక్కకే వేల విత్తనాలు వస్తాయి. ఇది తరచుగా తగిలినవారిలో కొందరికి కనురెప్పలు, మెడ, మోచేతి మడతలలో దురద పుట్టి, చర్మం నల్లబడి మందమవుతుంది. ఎండ తగిలితే మంట ఎక్కువవుతుంది. పుప్పొడి వల్ల తుమ్ములు, ఆయాసం కూడా రావచ్చు. దీనిని గజ్జి అనుకొని దుకాణంలో ఏదో ఆయింట్‌మెంటు కొని పూసుకోవద్దు. డాక్టరుకు చూపించండి.

వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, పూత రాకముందే, చేతికి గ్లౌజులు గాని ప్లాస్టిక్ కవరు గాని తొడుక్కొని వేళ్లతో సహా పీకండి. పూత లేని మొక్కను గుంటలో వేసి ఎరువు చేసుకోవచ్చు.

ఒక్క గుక్క

కొన్నేళ్ల క్రితం ఒక రైతును రాత్రివేళ తీసుకొచ్చారు. మిగిలిన గడ్డి మందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి నీళ్ల కుండ పక్కన పెట్టారట. పొలం నుండి దాహంతో వచ్చి చీకట్లో ఒక గుక్క త్రాగి, వెంటనే ఉమ్మివేశాడు. మరునాడు లేచి కూర్చొని మాట్లాడాడు. "బాగానే ఉన్నాను, ఇంటికి పంపండి సిస్టరమ్మా" అన్నాడు. మూడవనాటికి నోరంతా పుండ్లు, మూత్రం తగ్గింది. తరువాత ఊపిరి అందలేదు. తొమ్మిదవ రోజున కన్నుమూశాడు. "మింగనేలేదు గదమ్మా" అని అతని భార్య అడిగిన మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ మందు పేరు పారాక్వాట్. దీనికి విరుగుడు లేదు. ఇది మూత్రపిండాలను, ఊపిరితిత్తులను పాడు చేస్తుంది. యూరోపియన్ యూనియన్ దేశాలలో 2007లోనూ, కేరళలో 2011లోనూ దీనిని నిషేధించారు.

మందు అవసరం తగ్గాలంటే

వేసవి దుక్కితో కలుపు విత్తనాలు, తుంగ గడ్డలు ఎండకు చస్తాయి. మాగిన పశువుల ఎరువే వాడండి. పచ్చి పేడలో కలుపు విత్తనాలు ఉంటాయి. పైరుకు మొదటి 30, 40 రోజులే కీలకం. ఆ లోపల దంతి గాని, గుంటక గాని తోలి, సాళ్లలో మిగిలినది చేతితో తీస్తే చాలా వరకు సరిపోతుంది. వరిలో వరుసగా నాటితే కోనో వీడర్ నడపవచ్చు.

తప్పక గుర్తుంచుకోండి

1. గడ్డి మందును వేరే సీసాలో పోయవద్దు. ఇంట్లో గాక, బయట పెట్టెలో తాళం వేసి ఉంచండి.
2. కొట్టేటప్పుడు నిండు చేతుల చొక్కా, గ్లౌజులు, మాస్కు, బూట్లు ధరించండి. గాలికి ఎదురుగా కొట్టవద్దు. నాజిల్‌ను నోటితో ఊదవద్దు.
3. పంపు కారి వీపు తడిస్తే వెంటనే బట్టలు విప్పి సబ్బుతో కడగండి. పుండు మీద పడితే మరీ ప్రమాదం.
4. గర్భిణులను, పిల్లలను ఆ చేలోకి రానివ్వవద్దు.
5. నోట్లోకి పోతే ఉప్పునీళ్లు త్రాగించి వాంతి చేయించవద్దు. 108కి ఫోన్ చేసి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి రండి. బాగానే ఉన్నాడని ఆగవద్దు.

అప్పుల వల్ల, కలహాల వల్ల మనసు క్రుంగినవారు ఇంట్లో ఉంటే వారిని ఒంటరిగా వదలకండి. 14416 టెలి మానస్ నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మా దగ్గరికి వచ్చినా కూర్చోబెట్టి వింటాం.

ఈ రాత్రే మీ ఇంట్లో ఆ సీసా ఎక్కడుందో ఒకసారి చూడండి. దేవుడు మీ చేతి కష్టాన్ని దీవించును గాక.

- నర్సింగ్ సూపరింటెండెంట్