వ్యాపార స్థలాలలో క్రీడా ప్రసారాల అనధికార ప్రదర్శన

చందా చెల్లించి చూడవలసిన క్రీడా ప్రసారాలను ప్రసార సంస్థ అనుమతి లేకుండా హోటళ్ళు, క్లబ్బులు, దుకాణాలు మొదలైన వ్యాపార స్థలాలలో ప్రజలకు చూపుటను అనధికార ప్రదర్శన అంటారు. ఇంటి కొరకు తీసుకున్న కనెక్షనుకు నెలనెలా డబ్బు చెల్లించినంత మాత్రాన, దానిని వ్యాపారానికి వాడుకొనే హక్కు లభించదు.

ప్రసార హక్కు

కాపీరైట్ చట్టం, 1957 లోని 37వ సెక్షను ప్రసార సంస్థలకు "ప్రసార పునరుత్పత్తి హక్కు" కల్పించినది. ప్రసారం జరిగిన మరుసటి సంవత్సరారంభం నుండి 25 సంవత్సరాల వరకు ఈ హక్కు ఉంటుంది. అనుమతి లేకుండా పునఃప్రసారం చేయుట, రికార్డు చేయుట, రుసుము తీసుకొని ప్రజలకు చూపుట దీని ఉల్లంఘనలే.

ఆటోనగర్ ఉదాహరణ

విశాఖపట్నంలో గాజువాక వద్దనున్న ఆటోనగర్‌లో వాహన మరమ్మతు షెడ్లు, చిన్న పరిశ్రమలు ఉన్నాయి. ఇటువంటి చోట క్రికెట్ మ్యాచ్ రోజున ఏర్పడగల పరిస్థితులు ఇవి:

* షెడ్డులో తెర కట్టి, టిక్కెట్టు పెట్టి చూపుట: 37వ సెక్షను సూటిగా వర్తిస్తుంది.
* ఒక కనెక్షను నుండి పక్క దుకాణాలకు తీగలు లాగుట: ఇది పునఃప్రసారం కాగలదు. పైగా కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల చట్టం, 1995 ప్రకారం నమోదు లేకుండా కేబుల్ నెట్‌వర్కు నడపరాదు.
* హోటలులో వేరే రుసుము లేకుండా టీవీ పెట్టుట: 37వ సెక్షనులోని రుసుము షరతు ఇక్కడ సూటిగా వర్తించదు. అయితే గృహ కనెక్షను వాడినచో చందా ఒప్పందాన్ని అతిక్రమించినట్లవుతుంది. కనెక్షను తొలగింపు, నష్టపరిహారపు దావా ఎదురుకావచ్చు. ఇటువంటి హోటళ్ళను సాధారణ చందాదారులుగానే చూడవలెనని 2014 జూలైలో ట్రాయ్ ఆదేశించగా, 2015 మార్చిలో టెలికాం వివాదాల ట్రిబ్యునల్ ఆ ఆదేశాన్ని కొట్టివేసినది.
* సెల్‌ఫోను యాప్‌ను పెద్ద తెరకు కలుపుట: ఇటువంటి యాప్‌ల చందా సాధారణంగా వ్యక్తిగత వినియోగానికి మాత్రమే పరిమితం.

శిక్షలు

63వ సెక్షను ప్రకారం 6 నెలల నుండి 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, రూ. 50,000 నుండి రూ. 2,00,000 వరకు జరిమానా విధించవచ్చు. వ్యాపార లాభం కొరకు చేయనిచో న్యాయస్థానం కారణాలు తెలిపి శిక్షను తగ్గించవచ్చు. రెండవసారి నేరం రుజువైతే కనీస శిక్ష 1 సంవత్సరం జైలు, రూ. 1,00,000 జరిమానా. ఇది నాన్-బెయిలబుల్ నేరమని 2022 మే 20న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అనగా బెయిలు నిందితుని హక్కు కాదు, న్యాయస్థానం విచక్షణపై ఆధారపడి ఉంటుంది.

ముఖ్యమైన వ్యాజ్యాలు

2002 ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీలను కేబుల్ ఆపరేటర్లు అనుమతి లేకుండా చూపుతున్నారని టెన్ స్పోర్ట్స్ యాజమాన్యం ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించినది. పేరు తెలియని ప్రతివాదులకు కూడా వర్తించే "జాన్ డో" ఉత్తర్వు భారతదేశంలో మొదటగా ఈ వ్యాజ్యంలోనే వెలువడినది. ఇంగ్లాండులోని పోర్ట్స్‌మౌత్‌లో ఒక పబ్బు నిర్వాహకురాలు గ్రీసు దేశపు డీకోడరు కార్డుతో ఫుట్‌బాల్ చూపగా, విదేశీ కార్డు వాడకాన్ని నిషేధించుట చెల్లదని 2011లో ఐరోపా న్యాయస్థానం తీర్పునిచ్చినది. అయితే ప్రసారంలోని కాపీరైటు గల భాగాలను పబ్బులో చూపుటకు అనుమతి అవసరమని అదే తీర్పు పేర్కొన్నది.

చట్టబద్ధ మార్గాలు

వ్యాపార స్థలం పేరుననే కనెక్షను తీసుకొని, ప్రజలకు చూపుటకు వ్రాతపూర్వక అనుమతి పొందుట సురక్షితం. జాతీయ ప్రాముఖ్యం గలవిగా కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన క్రీడల ప్రత్యక్ష ప్రసారాన్ని 2007 నాటి చట్టం ప్రకారం ప్రసార సంస్థలు ప్రసార భారతితో పంచుకోవలెను. వీటిని డీడీ ఫ్రీ డిష్‌లో నెలసరి చందా లేకుండా చూడవచ్చును. కాని ఉచిత ప్రసారానికైనా అనుమతి లేకుండా టిక్కెట్టు వసూలు చేస్తే 37వ సెక్షను వర్తిస్తుంది.