ఇంటర్నెట్టు ఒడంబడికలు: రైతు తెలిసికొనవలసిన సంగతులు

రైతు విత్తనపు సంచిని కొనునపుడు తూకమును, మొలక శాతమును, చీటిమీది తేదీని చూడక సొమ్ము చెల్లింపడు. ఎరువుల దుకాణమునుండి రసీదు లేనిదే కదలడు. అట్టివాడే ఇంటికి ఇంటర్నెట్టు తీగ పెట్టించుకొనునపుడు కంపెనీ మనిషి చూపినచోట వ్రేలితో నొత్తి యూరకుండును. ఇది తగదు. పంట నమోదు, కిసాన్ సొమ్మునకు వలయు ఇ-కెవైసి, 2016లో ప్రారంభమైన ఇ-నామ్ విపణి ధరలు, వాన సమాచారము, పిల్లల చదువు, ఇవన్నియు నేడు దీనిపై నాధారపడి యున్నవి. కోతల కాలమున పది దినములు తీగ పనిచేయనిచో కలుగు నష్టము చందా సొమ్ముకంటె మిక్కిలి పెద్దది.

వేగమును కొలుచుట

కంపెనీలు వేగమును మెగాబిట్లలో చెప్పును. మనము దించుకొను చిత్రములు మెగాబైట్లలో నుండును. 8 బిట్లు 1 బైటు. కావున సెకండుకు 40 మెగాబిట్ల తీగపై వచ్చునది 5 మెగాబైట్లే. ఇందు మోసము లేదు గాని, తెలియనివాడు మోసపోయితి ననుకొనును.

అసలు జాగ్రత్త పడవలసినది "వరకు" అను చిన్న మాటయెడల. "40 వరకు" అనిన 40 ఇచ్చెదమని యర్థము కాదు. ఎంతకు తగ్గకుండ నిత్తురో అడిగి వ్రాయించుకొనవలెను. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వము సెకండుకు 2 మెగాబిట్లకు తగ్గని దానినే బ్రాడ్‌బాండు అని నిర్వచించెను. "అపరిమితము" అనుచోట గూడ, నెలకు కొంత వాడిన పిమ్మట వేగమును తగ్గించు నియమ మున్నదేమో చూడవలెను.

నిజమైన ధర

ప్రకటనలోని ధర వేరు, చేతినుండి పోవు ధర వేరు. దృష్టాంతమునకు నెలకు 500 రూపాయల చందా, ఆరు మాసముల గడువు, అమరికకు 1500, పెట్టెకు నెలకు 50 బాడుగ అనుకొందము. చందా 3000, అమరిక 1500, బాడుగ 300, వెరసి 4800. దీనిపై జి.ఎస్.టి. నూటికి 18 చొప్పున 864. మొత్తము 5664. అనగా నెలకు 944 రూపాయలు! రెండు కంపెనీలను పోల్చునపుడు ఈ చివరి యంకెనే పోల్చవలెను.

ఒడంబడికలో చూడవలసినవి

1. ధరావతు ఎంత, ఎప్పుడు తిరిగి యిత్తురు?
2. గడువునకు ముందు మానుకొనిన జరిమానా యెంత?
3. కంపెనీ తన యిష్టానుసారము ధర హెచ్చించుటకు గాని, సేవ మాన్పుటకు గాని హక్కు నుంచుకొనినదా?
4. తీగ చెడిన దినములకు చందా తగ్గింతురా? 2006 నాటి బ్రాడ్‌బాండు నిబంధనలలోనే ఇట్టి తగ్గింపు చెప్పబడి యుండెను. కావున అడుగుటకు సంకోచింపవలదు.

మితిమీరిన ధరావతును, నష్టమునకు మించిన జరిమానాను, తగిన కారణము లేని ఏకపక్షపు రద్దును 2019 వినియోగదారుల రక్షణ చట్టము అన్యాయపు టొడంబడిక లక్షణములుగా నెంచినది. ఇట్టి నిబంధనలపై ఫిర్యాదు రాష్ట్ర కమిషనుకు చేయవలెను.

ఫిర్యాదు మార్గము

మొదట కంపెనీకే తెలిపి ఫిర్యాదు సంఖ్యను తీసికొని, తేదీతో వ్రాసియుంచవలెను. నోటిమాట నిలువదు. పెద్ద కంపెనీలలో దానిపై అప్పీలధికారి యుండును. 1997లో నేర్పడిన ట్రాయ్ సంస్థ నియమములు చేయును గాని, ఒక్కొక్కరి తగవును తీర్చదు. 1915 అను సంఖ్యకు ఫోను చేసిన జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము సలహా యిచ్చును.

అప్పటికిని న్యాయము జరుగనిచో సేవాలోపమునకు జిల్లా వినియోగదారుల కమిషను కలదు. తాను నివసించు జిల్లాలోనే దావా వేయవచ్చును. చెల్లించిన సొమ్ము 5 లక్షలకు మించనిచో రుసుము లేదు. కారణము పుట్టిన రెండు సంవత్సరములలో వేయవలెను. టెలికాము తగవులు ఈ కమిషనులకు రావను వాదమును 2022 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు త్రోసిపుచ్చినది.

సంఘము చేయదగినది

ఒంటరి చందాదారు మాటకు విలువ తక్కువ. ఒక గ్రామమున నలువది యిండ్లవారు కలిసి యొకే ఒడంబడికను కోరినచో కంపెనీ వినక తప్పదు. ఎరువులు కలిసి కొనుట మనకు అలవాటే. కావున రాబోవు సర్వసభ్య సమావేశమునకు సభ్యులు తమ ఒడంబడిక పత్రములను, గత ఆరు మాసముల రసీదులను తీసికొని రావలెను. వానిని ప్రక్క ప్రక్కన నుంచి చదివిన, ఎవరెంత హెచ్చుగా చెల్లించుచున్నారో అప్పుడే తేలును.