నిస్పృహ ఎవరిది? ఎవరి మీద?

‘సమకాలీన రాజకీయాల పట్ల రచయిత నిస్పృహ యీ రచనలో వ్యక్తమైంది’ అన్న వాక్యం మన సమీక్షల్లోనూ, విద్యార్థుల పరీక్ష కాగితాల్లోనూ తరచు కనిపిస్తుంది. ఎవరి నిస్పృహ, ఎవరి మీద, ఏ కారణంగా అని మాత్రం అడగం. అడగకపోతే రాజకీయ సాహిత్యానికీ వట్టి విసుగుకీ తేడా తెలియదు. ఆ తేడా తెలుసుకోడానికి శ్రీకాకుళం కథను మించిన పాఠం మనకు లేదు.

1965, 1968 సంవత్సరాల మధ్య దిగంబర కవులు మూడు సంపుటాలు వెలువరించారు. మూడోది విశాఖపట్నంలోనే విడుదలైంది. స్వాతంత్ర్యం వచ్చి రెండు దశాబ్దాలు కావస్తున్నా పేదవాడికి ఒరిగిందేమీ లేదన్న ఆగ్రహం వాటి నిండా ఉంది. ఆ ఆగ్రహం నిజాయితీ గలది. తెలుగు కవిత్వాన్ని ఒక్క కుదుపు కుదిపింది కూడా. కాని నాయకుణ్ణీ, వర్తకుణ్ణీ, ఓటు వేసినవాణ్ణీ ఒకే గాటన కట్టి తిట్టింది. అందర్నీ ముద్దాయిలను చేస్తే అసలు ముద్దాయి తప్పించుకుంటాడు. ఆ కవుల్లో కొందరు తర్వాత 1970లో విప్లవ రచయితల సంఘంలో చేరి వర్గదృక్పథం వైపు నడిచారంటే, ఆ లోటు వాళ్లకే తెలిసిందనుకోవాలి.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1966లో, కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ అచ్చయింది. అందులో తిట్టు లేదు. ఒక అప్పు తగాదా ఉంది, ఊరి పెద్దల ముందు దాని విచారణ ఉంది. సుందరపాలెంలో తీర్పు చెప్పే శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాడు. గాంధీ మార్గాన్ని నమ్మినవాడు, ఊరి అభివృద్ధికి పాటుపడ్డవాడు. విద్యార్థులు ఇక్కడే తికమక పడతారు. కథలో కొరడా పట్టుకున్న భూస్వామి కోసం వెతుకుతారు, దొరకడు. మంచివాడు, న్యాయంగా, అందరూ ఒప్పుకునేలా చెప్పిన తీర్పే అప్పల్రాముడి కుటుంబాన్ని నేలకు దూరం చేస్తుంది. ఎందువల్ల? రోడ్డు పడ్డాక ఊరు బయటి మార్కెట్టుతో ముడిపడింది. గింజలతో గడిచే బతుకు రొక్కంతో గడవాల్సి వచ్చింది. రొక్కం ఉన్నవాడి మాట ప్రోనోటు అయింది, లేనివాడి మాట నోటి మాటగానే మిగిలింది. పంచవర్ష ప్రణాళికల దేశం ఆ దళిత రైతు గుమ్మంలోకి అడుగు పెట్టింది వడ్డీ రూపంలో.

కొడుకు సీతారాముడు తన బిడ్డను తనే చంపుకుంటాడు, ఆ బిడ్డ ఇంకొకడి దగ్గర కంబారిగా బతక్కూడదని. చంపవలసింది బిడ్డనా అంటూ యీ ముగింపు మీద చాలా వాదనలు జరిగాయి. నా మట్టుకు నాకు, ఆ వాదన కథకుడు కోరి తెచ్చిపెట్టిందే అనిపిస్తుంది. చెయ్యి ఎటు లేవాలో తెలియని చోట అది తనవాళ్ల మీదే పడుతుంది. నిస్పృహ అంటే అదీ.

తర్వాత ‘కుట్ర’లో రామారావు గారు మరో అడుగు వేశారు. శ్రీకాకుళ పోరాటం దరిమిలా ప్రభుత్వం కుట్ర కేసులు పెట్టిన కాలం అది. ఇంతకీ కుట్ర చేసిందెవరు అని ఆయన మిశ్రమ ఆర్థిక విధానాన్నే బోనులో నిలబెట్టారు. ఆర్థిక విధానం కథావస్తువు అవుతుందా అని సందేహించేవాళ్లు దాన్ని మళ్లీ చదవాలి.

కొండల మీద యీ వ్యవహారం మరీ బాహాటం. గిరిజన భూములు గిరిజనేతరులకు అన్యాక్రాంతం కాకుండా 1917లోనే చట్టం వచ్చింది, 1959లో ఇంకోటి. అయినా అప్పు కింద పోడు, పల్లపు భూములు షావుకార్ల పాలయ్యాయి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు వెళుతున్న గిరిజనులను లేవిడి దగ్గర అడ్డగించి కాల్చారు. కోరన్న, మంగన్న చనిపోయారు. నిందితులు కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. కొండవాళ్లకు దేశ రాజకీయాల మీద ఆశ పోయిందంటే, పోయిన చోటుకి ఊరి పేరూ తేదీ ఉన్నాయి. చట్టాన్ని బిగించిన 1970 నాటి సవరణ, మనం 1/70 అని పిలుచుకునేది, ఆ నెత్తురు తర్వాతే వచ్చింది.

ఇప్పటి సంగతి. 2018 చివర, గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్లిన యీ జిల్లాల మత్స్యకారులను సముద్రంలో పాకిస్తాన్ పట్టుకుంది. 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలింది. ఆ యేడాది పైచిలుకు కాలంలో వాళ్ల గురించి రాసినవాళ్లంతా సరిహద్దు గురించే రాశారు. బెస్తవాడు తన సముద్రం ఇంటి ముందే పెట్టుకుని అంత దూరం ఎందుకు పోయాడు? బోటు ఎవరిది? జైల్లో ఉన్నన్నాళ్లూ ఇంటి దగ్గర ఆడవాళ్లు ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి తెచ్చి పొయ్యి వెలిగించారు? ఆ కథ రాయదలచినవాడు వాఘా గేటు దగ్గర మొదలుపెట్టకూడదు. శ్రీకాకుళం తీరంలో ఏదో వొక ఊరి కిరాణా కొట్టు ఖాతా పుస్తకం దగ్గర మొదలుపెట్టాలి.